నాలుగో నంబరు ప్రయోగశాల

ప్రమాణాల పుస్తకాల్లో మనుషుల పేర్లుండవు. ప్లగ్గు ఎంత పొడవుండాలి, తీగ ఎంత వేడిని తట్టుకోవాలి, హీటరు ఏ పరీక్ష నెగ్గితే అంగడికి రావచ్చు అన్నవి మాత్రమే ఉంటాయి. ఆ వాక్యాల కోసం ఎవరు ఎవరితో పోట్లాడారో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో ఎక్కడా అచ్చు కాదు. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, కమిటీ పనంటే ఏముంటుందని అడుగుతారు. ఏముంటుంది, మీటింగులు, బిస్కెట్లు అని చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఈసారి తప్పించుకోకుండా ఒక ఏడాది సంగతి రాస్తాను. ఆ ఏడాదంతా ఆరు ప్రయోగశాలలతో కలిసి పనిచేశాను. ఉద్యోగం మొత్తంలో నేను అంత ఒంటరిగా ఎప్పుడూ లేను.

ముందు నా గురించి రెండు ముక్కలు. నేను ఇంజనీరింగు కాలేజీ మెట్లెక్కలేదు. తెనాలిలో ఐటీఐ చదివి ప్రమాణాల సంస్థలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. మిగతా చదువంతా గ్రంథాలయాల్లోదే. ఊళ్లో శాఖా గ్రంథాలయం, ఢిల్లీ వచ్చాక మా ఆఫీసు లైబ్రరీ, ఆదివారాలు నగర గ్రంథాలయం. ప్రమాణాల సంపుటాలు ఇతరులు నవలలు చదివినట్టు చదివేవాణ్ణి. ఒక పుస్తకం వెనకున్న పట్టిక చూసి, అందులో పేర్కొన్న పుస్తకాలన్నీ తెప్పించుకుని, వాటి వెనకున్న పట్టికలు చూసేవాణ్ణి. అలా గణాంకశాస్త్రం కొంత, లోహాల సంగతి కొంత నేర్చుకున్నాను. ప్రమోషన్ల మీద ప్రమోషన్లు వచ్చి గృహోపకరణాల కమిటీకి కార్యదర్శినయ్యాను. ఆఫీసులో నన్ను "లైబ్రరీ వాలే బాబూ" అనేవారు. ఎగతాళే, కాని నాకు బిరుదులాగే వినిపించేది.

నా భార్య తెనాలిలో టీచరు. బదిలీ కుదరలేదు. నేను మునిర్కాలో మూడో అంతస్తులో ఒక గది తీసుకుని ఉండేవాణ్ణి. చుట్టూ యూనివర్సిటీ పిల్లలు. చలికాలం వచ్చిందంటే ప్రతి గదిలోనూ ఒక ప్లాస్టిక్ బకెట్టు, అందులో ఒక హీటరు రాడ్డు. మా కమిటీ ఆ ఏడాది చేపట్టిన పని ఆ రాడ్డు గురించే.

ఢిల్లీలో నాకు తెలుగు మాట్లాడే తోడు ఒక్కడే ఉండేవాడు. కరీంనగర్ వైపు వాడు, నాకంటే పదేళ్లు చిన్న. గురుగ్రామ్ శివార్లలో చిన్న ప్రయోగశాల నడిపేవాడు. పెద్ద కంపెనీల ఉద్యోగం వదిలి, ఒక షెడ్డులో మొదలుపెట్టి, పదిమందికి పని చూపించే స్థాయికి తెచ్చాడు. మా కమిటీలో సభ్యుడు కూడా. శనివారం మధ్యాహ్నానికి మునిర్కా వచ్చేసేవాడు. వంట అతనిదే. పచ్చిపులుసు చేస్తే, "ఇదేమిటయ్యా, చారు పొయ్యి మీద పెట్టడం మర్చిపోయావా?" అనేవాణ్ణి.

"మీ గుంటూరోళ్లకు మంట లేనిదే రుచి తెల్వదన్నా. నోరు కాలిపోయి ఏండ్లయింది," అనేవాడు.

తిన్నాక మేం మాట్లాడుకునేది మళ్లీ కరెంటు గురించే. అయినా తెలుగులో కరెంటు గురించి మాట్లాడుకోవడం వేరు.

ఇక పని సంగతి. హీటరు రాడ్డు కాగుతున్నప్పుడు దాని నుంచి కొంత కరెంటు నీళ్లలోకి జారుతుంది. అది హద్దులో ఉంటే ఫర్వాలేదు. హద్దు దాటితే, స్విచ్చి ఆపకుండా నీళ్లు కాగాయేమోనని బకెట్లో చెయ్యి పెట్టినవాడికి షాకు. ప్రాణం పోవచ్చు కూడా. దాన్ని కొలవడానికి కొత్త పద్ధతి ఒకటి ప్రతిపాదనలోకి వచ్చింది. నీళ్ల పాత్రలో రాడ్డు, దానికి కొంత దూరంలో ఒక లోహపు పలక. ఆ పలకకు చేరిన కరెంటును కొలవాలి. పద్ధతిని ప్రమాణంలో రాసే ముందు అది అన్నిచోట్లా ఒకే జవాబు ఇస్తుందో లేదో చూడాలి కదా. అందుకని అవే మూడు రాడ్లను ఒక చెక్కపెట్టెలో పెట్టి ఆరు ప్రయోగశాలలకు వరసగా పంపాం. ఢిల్లీ, నోయిడా, ఫరీదాబాద్, గురుగ్రామ్ తిరిగే ఆ పెట్టెను మా ఆఫీసులో డోలీ, అంటే పెళ్లికూతురి పల్లకీ, అనేవారు. "డోలీ నోయిడా దాటిందా బాబూ?" అని గేటు దగ్గర గార్డు కూడా అడిగేవాడు.

అంతకు ముందొకసారి ఇలాంటి పోలికే చేస్తే, ఎవరి అంకెలు ఎవరివో అందరికీ తెలిసి, సమావేశం కొట్లాటగా మారింది. ఎవరి ల్యాబును వారు వెనకేసుకొచ్చారు. అందుకే ఈసారి ఒక నియమం పెట్టుకున్నాం. ప్రతి ప్రయోగశాలకూ ఒక నంబరు. ఏ నంబరు ఎవరిదో సమన్వయకర్తకు తప్ప ఎవరికీ తెలియదు, ఆ ప్రయోగశాలకు కూడా. సమావేశంలో అసలు అంకెలు చూపించరు. మధ్యస్థ విలువకు ఎవరు ఎంత దూరంలో ఉన్నారన్నది మాత్రమే గీతల్లో చూపిస్తారు. నిర్ణయం అయ్యాకే ఎవరి నంబరు వారికి చెబుతారు. ఈ నియమం ప్రతిపాదించింది గురుగ్రామ్ ల్యాబు నడిపే నా మిత్రుడే. సమన్వయకర్తగా నా పేరు చెప్పిందీ అతనే.

"సెక్రెటరీ సాబ్ నోరు బ్యాంకు లాకర్ సర్," అన్నాడు ఛైర్మన్‌తో. ఛైర్మన్ రిటైరైన పంజాబీ ఇంజనీరు, నవ్వితే బల్ల కదిలే మనిషి. "ఠీక్ హై, చాబీ భీ ఉసీ కే పాస్," అన్నారు. అంటే తాళంచెవీ నా దగ్గరే. నేను పొంగిపోయాను.

చలి ముదిరేసరికి నాలుగు చోట్ల నుంచి కొలతలు వచ్చాయి. మూడు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. నాలుగోది ఎక్కడో ఉంది. మూడు రాడ్లకూ ఎక్కువే, చాలా ఎక్కువ. నాలుగో నంబరు నా మిత్రుడిది.

నా లెక్క తప్పేమోనని మళ్లీ చేశాను. మిగిలిన ఇద్దరివీ వస్తే దూరం తగ్గుతుందేమోనని ఎదురుచూశాను. అవీ వచ్చి ఆ ముగ్గురి పక్కనే చేరాయి. ఇలాంటి దారి తప్పిన కొలత గురించి నేను చదివినవన్నీ ఒకటే చెప్పాయి: కారణం తెలియకుండా పారెయ్యకు. కారణం తెలియాలంటే అతన్ని అడగాలి. అడిగితే నంబరు చెప్పినట్టే. అందరినీ ఒకే ప్రశ్న అడగవచ్చు, కాని ఏమని అడగాలి? మీటరు సరిచూశారా, పలక దూరం సరిగా ఉందా, రాడ్డు ఎంత లోతు ముంచారు అని ఆరుగురికీ ఈమెయిలు పంపాను. ఆరుగురూ అన్నీ సరిగానే ఉన్నాయని రాశారు. మా సమావేశాల్లో ఆ పలక మందం గురించి ఒక వేసవంతా వాదించుకున్నాం. కాబట్టి పలక విషయంలో ఎవరూ పొరబడే వీలు లేదు.

ఆ తర్వాత శనివారాలు కష్టమయ్యాయి. అతను ఎదురుగా కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ, "డోలీ తిరుగుడు అయిపోయిందా అన్నా?" అంటే, నేను గిన్నెలు కడగడానికి లేచేవాణ్ణి. అతను ఎప్పుడూ ఫలితం అడగలేదు. కాని నా ముఖం నాకు తెలుసు. లాకర్ నోటిదే, ముఖానిది కాదు.

మొదటి వారం తలనొప్పి, రావద్దన్నాను. రెండో వారం ఆఫీసు రిపోర్టు. తర్వాత ఊరి నుంచి ఎవరో వస్తున్నారన్నాను. ఒక శనివారం అతను ఫోన్ చేయకుండా వచ్చేశాడు. తలుపు తీస్తే చేతిలో కూరగాయల సంచి, మెట్లెక్కి రొప్పుతున్నాడు.

"తల్నొప్పి తగ్గిందా?"

"తగ్గింది. ఇప్పుడే లైబ్రరీకి బయల్దేరుతున్నా."

"నేను వండుత, నువ్వు తినిపో."

"ఆలస్యమవుతుంది తమ్ముడూ."

అతను సంచి వంక చూశాడు. "అచ్ఛా. టమాటలన్న ఉంచుకో, మెత్తబడ్డయి, మళ్ల గురుగ్రామ్ దాకా రావు," అని గడప దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. అబద్ధం ఆడినందుకు నిజంగానే లైబ్రరీకి వెళ్లవలసి వచ్చింది. సాయంత్రం దాకా ఒకే పేజీ చదివాను. రాత్రి ఫోన్లో నా భార్య, "మీ తమ్ముడు రాలేదా?" అంది. రాలేదన్నాను. "పోట్లాడుకున్నారా?" అంది. లేదన్నాను. "మరి?" అంటే, చెప్పకూడదన్నాను. "అంత చెప్పకూడనిదేముందండీ, బకెట్లో రాడ్డేగా!" అని నవ్వింది. ఆమెకు కూడా చెప్పలేదు.

వేసవి వచ్చింది, వానలు వచ్చాయి. అతను శనివారాల గురించి అడగడం మానేశాడు. మీ వయసు పిల్లలకు ఇది వింతగా ఉండవచ్చు. కలిసి పనిచేయడమంటే ఎప్పుడూ మాట్లాడుకోవడమే అనుకుంటారు. నా పని ఎవరితోనూ మాట్లాడకుండా అందరినీ కలపడం. రోజూ ఆరుచోట్ల నుంచి ఫోన్లు వచ్చేవి. ఒక్కటీ నాకోసం కాదు.

సమావేశం రోజు వచ్చింది. గోడ మీద గీతలు వేశాను. అయిదు చుక్కలు ఒకచోట, ఒకటి దూరంగా. బల్ల చుట్టూ కూర్చున్న ప్రతివాడూ తాను ఆ అయిదుగురిలో ఒకణ్ణని అనుకున్నాడు. ముఖాల్లోనే తెలిసిపోతోంది. ఎదుటివాడి ఇంట్లో దొంగలు పడ్డారని విన్నప్పటి జాలి.

ఛైర్మన్ ఏం చేద్దామన్నారు. మొదట చెయ్యెత్తింది నా మిత్రుడే.

"ఐసీ ల్యాబ్ కో బాహర్ కీజియే, సర్," అన్నాడు, అలాంటి ల్యాబును బయటికి పంపమని. తర్వాత ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడాడు. ఇలాంటి నిర్లక్ష్యం వల్లే చిన్న ల్యాబులన్నిటికీ చెడ్డపేరు వస్తోందట. నాలుగో నంబరును లెక్కలోంచి తీసేయడమే కాదు, దాని గుర్తింపును మళ్లీ పరిశీలించమని గుర్తింపు ఇచ్చే బోర్డుకు రాయాలట. గుర్తింపు పరిశీలనలో పడితే చిన్న ప్రయోగశాలకు ఏమవుతుందో అతనికి తెలుసు. ఆ కబురు తెలిసిన మర్నాటి నుంచి పరీక్షలకు సామాను పంపేవాళ్లుండరు. పదిమంది ఇళ్లకు వెళ్లిపోతారు. తెలిసే అన్నాడు. కష్టపడి పైకొచ్చినవాడి కోపం అది.

నేను లేచాను. "కారణం తెలియకుండా ఏ కొలతనూ తీసేయకూడదు. ఆ ల్యాబుకు ఒక అవకాశం ఇచ్చి..."

అతను నవ్వుతూ అందుకున్నాడు. "సెక్రెటరీ సాబ్, కారణాలు లైబ్రరీలో దొరుకుతాయి. ల్యాబులో కొలతలు దొరుకుతాయి. అయిదుగురు ఒకటి చెబితే ఆరోవాడు తప్పు. దీనికి పుస్తకం అక్కర్లేదు."

అందరూ నవ్వారు. ఛైర్మన్ నవ్వుకు బల్ల కదిలింది. నేను అతని వంకే చూశాను. అతను నా చూపును ఓడినవాడి చూపనుకుని కన్నుగీటాడు. నేను కూర్చున్నాను. అతను చెప్పినట్టే తీర్మానం రాశాను. చివర ఎప్పటిలాగే ఒక వాక్యం చేర్చాను: వచ్చే సమావేశంలో ఖరారయ్యేలోగా ఎవరికైనా అభ్యంతరముంటే తెలపవచ్చు.

అయిదుగురికి వారి నంబర్లు ఫోన్లో చెప్పాను. గురుగ్రామ్‌కు మాత్రం వెళ్లాను.

షెడ్డు బయట కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. "ఇన్ని దినాలకు యాదికొచ్చిన్నా?" అన్నాడు.

"నీ నంబరు చెప్పడానికి వచ్చా. నాలుగు."

అతను మొదట నవ్వాడు. తర్వాత టీ గ్లాసు కింద పెట్టాడు. లోపల మనుషులు పనిచేసుకుంటున్నారు, ఎవరో హిందీ పాట పెట్టారు. వాళ్ల వైపు చూస్తూ అడిగాడు.

"నీకెప్పట్నుంచి ఎర్క?"

"చలికాలం నుంచి."

"నేను గట్ల మాట్లాడుతుంటే ఇనుకుంట కూసున్నవ్."

"నియమం నీదే కదా."

"అవ్, నాదే." గ్లాసు పక్కకు జరిపి, "నేనన్నది నేనే అమలు జేసుకుంట, తియ్," అన్నాడు.

"అభ్యంతరం తెలపవచ్చు. గడువుంది."

"తెలిపితే గా నాలుగో నంబరు నాదేనని అందరికీ తెల్వదా? పోయిన మీటింగ్‌ల మొత్తుకున్నోడు వీడేనని నవ్వరా?"

నవ్వుతారు. పరువా, పదిమంది పనా అన్నది అతనే తేల్చుకోవాలి. అందులోనూ నాకు మాట్లాడే హక్కు లేదు. లేచి వచ్చేశాను.

ఆ తర్వాతి సంగతి అప్పట్లో నాకు తెలియదు. అతను వారాల తరబడి ఆ రాడ్ల లాంటివే కొనుక్కొచ్చి, మీటర్లు మార్చి, పలకలు మార్చి కొలిచాడని తర్వాత విన్నాను. ఎన్ని మార్చినా అదే ఎక్కువ. చివరకు తన కుర్రాళ్లను వెంటబెట్టుకుని, నోయిడాలో తెలిసినవాళ్ల ల్యాబులో కొలిచి చూశాడట. తన మీటరు, తన పలక, తన మనుషులు. కొలత మామూలుగా వచ్చింది. ఇక మారింది ఒకటే.

ఖరారు సమావేశానికి అతను రెండు ప్లాస్టిక్ డబ్బాలు మోసుకొచ్చాడు. అభ్యంతరాలున్నాయా అని ఛైర్మన్ అలవాటుగా అడిగారు. అతను లేచాడు.

"నాలుగో నంబరు నాది," అన్నాడు.

గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వుతారనుకున్నాం, ఇద్దరమూ.

"కిందటిసారి నేనన్న మాటలు తీర్మానంలో ఉన్నాయి, ఉండనివ్వండి. కాని సర్, మన ముసాయిదాలో పాత్రను ఏంతో నింపమన్నాం?"

ఛైర్మన్ కాగితం తిప్పారు. "తాగే నీళ్లతో."

"మీ అందరి ల్యాబుల్లో తాగే నీళ్లంటే ఏవి?"

అయిదుగురూ చెప్పారు. అందరివీ ఫిల్టరు మిషన్ నీళ్లే. ఆఫీసు వరండాలో ఉంటుందే, అది. ఇంకెలా ఉంటాయి అన్నట్టు చూశారు. అతను ఒక డబ్బా మూత తీసి గ్లాసులో పోసి ఛైర్మన్ ముందు పెట్టాడు. ఆయన పెద్ద గుటక వేసి, ఉప్పదనానికి ముఖం చిట్లించారు.

"ఖారా హై, భాయ్! యే కౌన్ పీతా హై?"

"మేం తాగుతాం సర్. మా ల్యాబు మొత్తం బోరు నీళ్లే. మా వీధంతా అవే తాగుతుంది, వాటితోనే స్నానం చేస్తుంది. రెండో డబ్బాలోవి మీ వరండా నీళ్లు. మీలో ఎవరి ల్యాబులోనైనా సరే, రెండిటితోనూ కొలవండి."

సీసాల్లో పంచుకుని తీసుకెళ్లి కొలిచారు. ఉప్పునీళ్లలో కరెంటు బాగా పారుతుందన్నది పదో తరగతి పాఠం. బోరు నీళ్లు పోసేసరికి ఆరు ప్రయోగశాలలూ నాలుగో నంబరు దగ్గరకే వచ్చాయి. పలక మందం మీద వేసవంతా వాదించిన ఇంజనీర్లం, గణాంకాలు నమిలి మింగిన నేను, నీళ్లు ఏ నీళ్లో అని ఎవరమూ అడగలేదు. మాకు మంచినీళ్లు మిషన్లోంచే వస్తాయి మరి. ఆరుగురికి నేను పంపిన ఈమెయిల్లో నీళ్ల మాటే లేదు.

తీర్మానం రద్దయింది. ఎంత ఉప్పున్న నీళ్లతో పరీక్షించాలో ప్రమాణంలో ఒక వాక్యం చేరింది. శుభ్రమైన నీళ్లలో నెగ్గుతున్న చాలా రాడ్లు ఈ నీళ్లలో ఓడిపోయాయి. తయారీ కంపెనీలకు రాడ్డు పైభాగంలో సీలు మార్చుకోక తప్పలేదు. మీ గదిలో ఇప్పుడున్న రాడ్డు అలా మారిన వాటిలో ఒకటి కావచ్చు. ఇదంతా పుస్తకంలో ఉంది. మిగిలింది లేదు.

ఖరారు సమావేశం జరిగిన సాయంత్రం ఇద్దరం ఒకే మెట్రో ఎక్కాం. నేను హౌజ్ ఖాస్‌లో దిగి లైను మారాలి. అతను అదే రైల్లో గురుగ్రామ్ దాకా వెళ్తాడు. ఖాళీ డబ్బాలు కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. తలుపు మీది స్టేషన్ల పట్టిక చదువుతూ కొన్ని స్టేషన్లు దాటించాడు. తర్వాత నా వంక చూడకుండానే అన్నాడు.

"మీటింగ్‌ల నువ్వు ఊకున్నందుకు నాకేం బాధ లేదన్నా. గా రూల్ నాదే. కానీ శనివారాలు ఎందుకు బంద్ జేసినవ్? నేను నంబరు అడుగుతననుకున్నవా?"

"లేదు."

"మరేంది? తల్నొప్పి అంటివి, సుట్టాలంటివి. నేను గంత నమ్మరానోణ్ణా?"

"నువ్వు అడుగుతావని కాదు. నేను చెప్పేస్తానని."

అతను తల తిప్పి చూశాడు. "గా మాట గప్పుడే చెప్పరాదూ? ఏడాదంతా రాకపోదును."

"ఆ మాట చెబితే మిగతాది కూడా చెప్పినట్టే కదా."

ఆలోచించాడు. ఎవరో పంపిన లెక్క సరిచూస్తున్నట్టు, మొదటి నుంచి చివరిదాకా. అందులో తప్పు దొరికితే బాగుండునని నేను అనుకున్నాను. దొరికితే వాదించుకునేవాళ్లం. వాదించుకుంటే నవ్వుకునేవాళ్లం. అతనికి దొరకలేదు.

రైలు నెమ్మదించింది. అతను డబ్బాలు పక్కకు జరిపి నాకు దారి ఇచ్చాడు.

"హౌజ్ ఖాస్ ఒచ్చింది," అన్నాడు. "దిగుండ్రి, సార్."

దిగాను.